మైకు ముందు మాట్లాడినందుకే మరణశిక్షా? మాక్స్ బ్లోక్‌జైల్ కేసులో ఉన్న చిక్కుముళ్ళు

2025 జనవరి 2న నెదర్లాండ్స్‌లో ఒక పాత పేర్ల జాబితా ఆన్‌లైన్‌లోకి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లకు సహకరించారన్న అనుమానంతో విచారించిన సుమారు 4 లక్షల 25 వేల మంది పేర్లు అందులో ఉన్నాయి. అసలు ఫైళ్ళే పెట్టేద్దామనుకున్నారు గానీ, వ్యక్తిగత వివరాల రక్షణ చూసే సంస్థ గట్టిగా అడ్డు చెప్పడంతో పేర్లతో సరిపెట్టారు. అంతే, మా తాత పేరుందా, మా వీధి చివర కొట్టు ఆయన పేరుందా అని జనం వెతుకులాట మొదలుపెట్టారు. ఆ జాబితాలో చాలామంది కోర్టు గడప కూడా ఎక్కలేదు, పేరు ఉన్నంత మాత్రాన నేరస్తుడు అని కాదు. కానీ ఎప్పుడో ముగిసిపోయాయనుకున్న వాదనలు మాత్రం మళ్ళీ లేచాయి.

అలా లేచే వాదనల్లో నాకు అన్నిటికంటే చిక్కుగా అనిపించేది మాక్స్ బ్లోక్‌జైల్‌ది. అతనో జర్నలిస్టు, రేడియో వ్యాఖ్యాత. ఎవర్నీ చంపలేదు, ఎవర్నీ స్వయంగా అరెస్టు చేయలేదు, వారం వారం రేడియోలో జర్మన్లకు అనుకూలంగా మాట్లాడాడు. 1946 మార్చి 16న హేగ్‌లో కాల్చి చంపారు, అప్పటికి అతనికి 61 ఏళ్ళు. ఒక వర్గం "మాటకు మరణశిక్ష ఏమిటి, ఇదేం న్యాయం" అంటుంది, ఇంకో వర్గం "నాజీ తొత్తు, తగిన శాస్తి జరిగింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. ఇందులో కనీసం నాలుగు వేరువేరు ప్రశ్నలున్నాయి: ఏం మాట్లాడాడు, ఎవరి తరఫున మాట్లాడాడు, వినేవాళ్ళకు వేరే దారి ఉందా, తీర్పు ఏ సమయంలో వచ్చింది. ఈ నాలుగూ కలిపేస్తే ఎటు తిరిగినా గందరగోళమే.

ముందు నాలుగు మాటలకు అర్థం చెప్పుకుందాం

1940 మే 10న జర్మనీ నెదర్లాండ్స్ మీద దాడి చేసింది. 14న రోటర్‌డామ్ మీద బాంబులు పడ్డాయి, మరుసటి రోజుకల్లా డచ్ సైన్యం లొంగిపోయింది. రాణి విల్హెల్మినా, ప్రభుత్వం అంతకు ముందే లండన్ చేరుకున్నారు. అక్కడి నుంచి నడిచినదాన్ని ప్రవాస ప్రభుత్వం అంటారు. దేశంలో పాలన మాత్రం హిట్లర్ నియమించిన ఆస్ట్రియా నాజీ సేస్-ఇన్‌క్వార్ట్ చేతిలో పడింది. అంటే దేశం సొంత ప్రభుత్వం బయట ఉంది, శత్రువు లోపల ఉన్నాడు, యుద్ధం ఇంకా అయిపోలేదు. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి, కేసంతా దాని మీదే నిలబడింది.

ఎన్‌ఎస్‌బీ అంటే డచ్ నాజీ పార్టీ. 1931 చివర్లో ఆంటన్ ముస్సెర్ట్ అనే ఇంజినీరు పెట్టాడు. 1935 ప్రాంతీయ ఎన్నికల్లో దాదాపు 8 శాతం ఓట్లు తెచ్చుకుని అందర్నీ ఉలిక్కిపడేలా చేసింది, తర్వాత పడిపోయింది, జర్మన్లు వచ్చాక మళ్ళీ దానికి రోజులొచ్చాయి. ఇక సహకారి అనే మాట చూడ్డానికి మెత్తగా ఉంటుంది గానీ, అక్కడ దాని అర్థం ద్రోహి అనే. యుద్ధం తర్వాత ఇలాంటివాళ్ళ కోసం పెట్టినవే ప్రత్యేక కోర్టులు.

వీధుల్లో పాటలు పాడిన రిపోర్టరు

బ్లోక్‌జైల్ 1884 డిసెంబరు 20న ఉత్తరాన లేవార్డెన్ ఊళ్ళో పుట్టాడు. కుర్రతనంలోనే ఆమ్‌స్టర్‌డామ్‌లో పేరున్న ఉదారవాద పత్రిక అల్గెమేన్ హాండెల్స్‌బ్లాడ్‌లో చేరాడు. అక్కడ అతనికి జాన్-లూయీ పిజ్వీస్ అనే మరో రిపోర్టరు జోడీ కుదిరాడు. 1907లో ఈ ఇద్దరూ ఇటలీ నుంచి వచ్చిన వీధి గాయకుల్లా వేషం కట్టి, వాయిద్యాలు భుజాన వేసుకుని, డచ్ ఊళ్ళ మీద పడ్డారు. పాడటం, జనం విసిరిన చిల్లర ఏరుకోవడం, ఆ బతుకు ఎలా ఉంటుందో రాసి పత్రికకు పంపడం. మారువేషంలో వెళ్ళి రాసే రిపోర్టింగ్ ఇవాళ మనకు కొత్తేం కాదు, ఆ రోజుల్లో మాత్రం అది పెద్ద సంచలనం.

ఎంత నచ్చిందంటే, ఇద్దరూ పాటలు పాడుతూ, వార్తలు రాస్తూ ప్రపంచ యాత్రకే బయల్దేరారు, డచ్ వలసగా ఉన్న ఇప్పటి ఇండోనేషియాలో కూడా ప్రదర్శనలిచ్చారు. పిజ్వీస్ ఆ తర్వాత డచ్ కాబరే కళకు ఆద్యుడిగా పేరు తెచ్చుకున్నాడు. అతని కథ 1927లో ఆమ్‌స్టర్‌డామ్ నడిబొడ్డున తుపాకీ గుళ్ళతో ముగిసింది, రాజకీయం కాదు, ప్రేమ వ్యవహారంలో పుట్టిన కక్ష.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, బ్లోక్‌జైల్ బల్ల ముందు కూర్చుని రాసుకునే రకం కాదు. గుంపు ముందు నిలబడి, వాళ్ళ ముఖాలు చూసి, ఏ మాటకు నవ్వుతారో ఏ మాటకు జేబులో చెయ్యి పెడతారో తెలుసుకున్న మనిషి. మూడు దశాబ్దాల తర్వాత మైకు ముందు పనికొచ్చింది ఆ విద్యే.

బెర్లిన్‌లో ఇరవై ఏళ్ళకు పైగా

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన 1918లో అతను హాండెల్స్‌బ్లాడ్ విలేకరిగా బెర్లిన్ వెళ్ళి 1940 దాకా అక్కడే ఉన్నాడు. కైజర్ (జర్మన్ చక్రవర్తి) పోవడం, వీధుల్లో విప్లవం, 1923లో నోట్ల కట్టలు చిత్తుకాగితాలైపోవడం, నిరుద్యోగం, చివరికి 1933లో హిట్లర్, అన్నీ కళ్ళారా చూశాడు. చాలామంది విదేశీ విలేకరులు కూడా అవే చూసి బెదిరిపోయి హెచ్చరికలు రాశారు, కొందర్ని జర్మనీ నుంచి వెళ్ళగొట్టారు కూడా. బ్లోక్‌జైల్ మాత్రం అటు మొగ్గాడు. 1935లో రహస్యంగా ఎన్‌ఎస్‌బీలో చేరాడు.

రహస్యంగా ఎందుకంటే, పత్రికేమో ఉదారవాదుల పత్రిక, తను రాసేదేమో నాజీ జర్మనీ గురించి. తాను ఏ పార్టీ గురించి రాస్తున్నాడో దాని డచ్ తమ్ముడి పార్టీలో సభ్యుడినని పాఠకుడికి చెప్పలేదు. కోర్టు సంగతి తర్వాత, జర్నలిజం లెక్కలో నా దృష్టికి ఇదే మొదటి తప్పు, బహుశా అన్నిటికంటే శుభ్రంగా తేలిపోయే తప్పు కూడా.

డచ్ రేడియో అంటే ఒక్కటి కాదు

ఆ దేశంలో అప్పట్లో సమాజం మతం, సిద్ధాంతం ప్రకారం నిలువునా చీలి ఉండేది. కాథలిక్ అయితే కాథలిక్ బడి, కాథలిక్ పత్రిక, కాథలిక్ కార్మిక సంఘం. ప్రొటెస్టెంట్లకు వాళ్ళవి, సోషలిస్టులకు వాళ్ళవి. రేడియో కూడా అంతే. సోషలిస్టులకు వారా, కాథలిక్కులకు కేఆర్‌ఓ, ప్రొటెస్టెంట్లకు ఎన్‌సీఆర్‌వీ, కాస్త ఉదార ప్రొటెస్టెంట్లకు వీపీఆర్‌ఓ, ఏ గూటికీ చెందం అనుకునేవాళ్ళకు ఆవ్రో. హిల్వెర్సమ్ అనే ఊరు నుంచి ఇవన్నీ సమయం పంచుకుని ప్రసారం చేసేవి. వినేవాళ్ళు తమకు నచ్చిన సంఘంలో సభ్యులుగా చేరేవాళ్ళు. మనకు ఆకాశవాణి ఒక్కటే తెలుసు కాబట్టి ఈ ఏర్పాటు వింతగా అనిపిస్తుంది, కానీ అక్కడ రేడియో వ్యాఖ్యాత ఎప్పుడూ ఎవరో ఒకరి తరఫునే మాట్లాడేవాడు, అది వినేవాడికీ తెలుసు. నచ్చకపోతే ఇంకో సంఘం కార్యక్రమం వింటాడు.

1941 మార్చిలో జర్మన్లు ఈ సంఘాలన్నీ ఎత్తేసి, ఒకే ప్రభుత్వ రేడియో పెట్టారు. అదే ఏడాది మే నెలలో జర్నలిస్టుల మీద ఒక ఉత్తర్వు వచ్చింది. దాని సారం: నమోదైన సంఘంలో సభ్యుడైతేనే పత్రికలో పని చేయాలి, యూదులకు అందులో చోటు లేదు. బ్లోక్‌జైల్ ఉత్తర్వులు పాటించే వరస దాటి, పాటింపజేసే వరసలోకి వెళ్ళాడు. ప్రచార శాఖలో పత్రికల విభాగం అతని చేతిలో ఉండేది. అంటే పగలు పత్రికలు ఏం రాయాలో చూసే అధికారి, సాయంత్రం రేడియోలో వ్యాఖ్యాత. "అతను ఉత్త రేడియో మనిషి" అనేవాళ్ళు ఈ రెండో కుర్చీ సంగతి తరచుగా మర్చిపోతుంటారు.

మైకు ముందు మర్యాదస్తుడు

నాజీ ప్రచారం అనగానే మనకు గుర్తొచ్చేది గొంతు చించుకుని అరిచే మనిషి. బ్లోక్‌జైల్ అరిచేవాడు కాదు. 1941 నుంచి మొదలైన అతని ప్రసంగాలు ఇంటికొచ్చిన పెద్దమనిషి కాఫీ తాగుతూ చెప్పే కబుర్లలా సాగేవి. రగులుతున్న సమస్యలు అనే అర్థం వచ్చే పేరుతో ఒక కార్యక్రమం, వారం రాజకీయాల మీద ఇంకో కార్యక్రమం. మీకు కోపంగా ఉందని నాకు తెలుసు, కానీ కాస్త ఆలోచించండి, జర్మనీ గెలవబోతోంది, లండన్‌లో కూర్చున్నవాళ్ళు మిమ్మల్ని వదిలేసి పోయారు, యూరప్ మొత్తానికి బోల్షివిక్కుల (రష్యా కమ్యూనిస్టుల) ముప్పు ఉంది, అనే ధోరణి. యూదు వ్యతిరేకత అందులో లేకుండా లేదు, కానీ బుసకొట్టే పద్ధతిలో కాకుండా ఇదంతా మామూలే అన్నట్టు వచ్చేది.

ఇది ఎక్కువ ప్రమాదకరమా తక్కువ ప్రమాదకరమా అన్నది అప్పుడూ వాదనే, ఇప్పుడూ వాదనే. జనంలో అత్యధికులు అతన్ని అసహ్యించుకున్నారు, పప్పులుడకలేదు అనేవాళ్ళు ఉన్నారు. మరి అంత పనికిరాని ప్రచారమైతే ప్రతిఘటన వర్గం అతన్ని ఎందుకంత పట్టించుకుంది అనే ఎదురు ప్రశ్న కూడా ఉంది. ఆ కాలం ఎలాంటిదో మర్చిపోకూడదు. 1942 జులై నుంచి వెస్టర్‌బోర్క్ శిబిరం మీదుగా యూదులను ఎక్కించుకున్న రైళ్ళు తూర్పున ఉన్న నాజీ శిబిరాలకు వెళ్ళడం మొదలైంది. దేశంలో ఉన్న సుమారు 1 లక్షా 40 వేల మంది యూదుల్లో లక్షకు పైగా తిరిగి రాలేదు. ఆ రైళ్ళు నడుస్తున్న వారాల్లో రేడియోలో ఆ ప్రశాంతమైన గొంతు వినిపిస్తూనే ఉంది.

రేడియోలు లాక్కున్నారు, ఆ గొంతు మాత్రం ఆగలేదు

లండన్ నుంచి 1940 జులై 28న బీబీసీ ద్వారా రేడియో ఒరాన్యె మొదలైంది. రోజుకు పదిహేను నిమిషాలు, రాణి కూడా మాట్లాడేది. వినడం నిషేధం, అయినా దొంగచాటుగా వినేవాళ్ళు. 1943 మేలో జర్మన్లకు విసుగొచ్చి రేడియో సెట్లన్నీ అప్పగించమని ఆర్డరేశారు. ఎన్‌ఎస్‌బీ వాళ్ళ లాంటి కొందరికి మినహాయింపు. జనం ఏం చేశారంటే, పాడైపోయిన పాత డబ్బా ఒకటి తీసుకెళ్ళి అప్పగించి, మంచిదాన్ని నేల చెక్కల కిందో గోడ సందులోనో దాచుకున్నవాళ్ళు చాలామంది.

అయితే చాలా ఇళ్ళలో అసలు రేడియో సెట్టే ఉండేది కాదు, తీగ రేడియో ఉండేది. గోడకు ఒక స్పీకరు పెట్టె, దానికో మర. నాలుగు లైన్లలో ఏది కావాలో తిప్పుకోవడమే, స్టేషన్లు పట్టుకునే పని లేదు. మన కేబుల్ టీవీ లాంటిదనుకోండి, కేబుల్ ఆయన ఏది వదిలితే అదే. ఆక్రమణలో ఆ తీగల్లోకి అనుమతి ఉన్న ప్రసారాలే వచ్చేవి కాబట్టి వాటిని లాక్కోవాల్సిన అవసరం జర్మన్లకు రాలేదు. సెట్లు పోయాక చాలా ఇళ్ళలో చట్టబద్ధంగా వినిపించే రాజకీయ వ్యాఖ్యానం అంటే బ్లోక్‌జైల్, అతని వర్గమే.

"అతనిది అభిప్రాయం మాత్రమే" అనే వాదన నా మట్టుకు ఇక్కడే బలహీనపడుతుంది. అభిప్రాయం అనాలంటే ఎదుటివాడికి జవాబిచ్చే వీలుండాలి. అతనికి అదే మాధ్యమంలో జవాబిచ్చే వీలు ఎవరికీ లేదు. అచ్చులో జవాబిచ్చిన రహస్య పత్రికల వాళ్ళు, హెట్ పారోల్, త్రావ్ లాంటివి నడిపినవాళ్ళు, ప్రాణాలు పోగొట్టుకున్నారు.

కేసు ఏ చట్టం మీద నిలబడింది

1945 మేలో విముక్తి రాగానే అతన్ని పట్టుకున్నారు. సెప్టెంబరులో హేగ్ ప్రత్యేక కోర్టు విచారించి మరణశిక్ష వేసింది. ఆ కోర్టు ముందుకొచ్చిన తొలి పెద్ద కేసు కావడంతో న్యూస్‌రీల్ కెమెరాలు కూడా వచ్చాయి. పై కోర్టు శిక్షను ఖాయం చేసింది, రాణి క్షమాభిక్ష ఇవ్వలేదు.

అభియోగం ఏమిటో జాగ్రత్తగా చూడాలి. ద్వేష ప్రసంగం కాదు, యూదులను చంపమని పురిగొల్పడం కాదు. యుద్ధ సమయంలో శత్రువుకు సాయం చేయడం. ఈ నేరం డచ్ శిక్షాస్మృతిలో ముందు నుంచీ ఉంది. లేనిదల్లా ఆ శిక్ష. నెదర్లాండ్స్ 1870లోనే సాధారణ నేరాలకు మరణశిక్ష రద్దు చేసింది. దాన్ని ఈ కేసుల కోసం తిరిగి తెచ్చింది లండన్‌లోని ప్రవాస ప్రభుత్వం, 1943 డిసెంబరులో చేసిన ఒక ఉత్తర్వుతో.

కాబట్టి తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే చిక్కు అర్థమవుతుంది. బ్లోక్‌జైల్ 1941లో చేసిన ప్రసంగం అప్పటి చట్టం ప్రకారం కూడా నేరమే, కానీ మరణశిక్ష పడే నేరం కాదు. 1944లో చేసినది ఉత్తర్వు తర్వాత చేసినది. పాత నేరానికి కొత్త శిక్ష వేయొచ్చా? మామూలు రోజుల్లో ఏ లా స్టూడెంటైనా వేయకూడదనే చెబుతాడు. ఆ ఉత్తర్వు ఈ సూత్రాన్ని తెలిసే పక్కన పెట్టింది. సమర్థించేవాళ్ళ మాట ఏమిటంటే, పార్లమెంటు కూర్చునే పరిస్థితి లేదు, పైగా కఠినమైన కోర్టులు ఉంటాయన్న నమ్మకం లేకపోతే విముక్తి రోజున జనమే వీధుల్లో తేల్చేసేవాళ్ళు. ఫ్రాన్స్‌లో అలా విచారణ లేకుండా వేలమందిని చంపారు కాబట్టి ఆ భయం గాల్లోంచి పుట్టింది కాదు.

అతని వాదన అటు తిరిగీ ఇటు తిరిగీ ఒకటే: నమ్మింది చెప్పాను. ఇది నిజమే కావచ్చు. కానీ ఆ అభియోగానికి అది జవాబు కాదు. శత్రువుకు చేసిన సాయం డబ్బు కోసమా నమ్మకంతోనా అన్నది శిక్ష తగ్గించడానికి పనికి రావచ్చు గానీ, నేరం లేదనడానికి పనికి రాదు.

అదే పని చేసిన మరో ముగ్గురు

హాన్స్ ఫ్రిట్ష్ జర్మనీ రేడియోలో అందరికీ తెలిసిన గొంతు, హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ శాఖలో పెద్ద అధికారి. బ్లోక్‌జైల్ శిష్యుడైతే ఇతను అసలు గురువుల కోవలోవాడు. యుద్ధంలో గెలిచిన దేశాలు నాజీ పెద్దలను విచారించిన న్యూరెంబర్గ్ కోర్టులో 1946 అక్టోబరు 1న నిర్దోషిగా విడుదలయ్యాడు. సోవియట్ జడ్జి ఒప్పుకోలేదు, మిగతావాళ్ళు ఒప్పుకున్నారు. ఎందుకంటే ఫ్రిట్ష్ జర్మన్, తన ప్రభుత్వం తరఫునే మాట్లాడాడు, అతని మీద దేశద్రోహం అనే మాటే పుట్టదు. మిగిలింది మానవాళిపై నేరాల లాంటి అభియోగాలు, చంపమని ప్రత్యక్షంగా పురిగొల్పినట్టు రుజువు కాలేదన్నారు. (తర్వాత జర్మనీలోనే ఒక కోర్టు తొమ్మిదేళ్ళు వేసింది, 1950లో బయటికొచ్చాడు.)

యూలియస్ ష్ట్రైహర్‌ది తిరగేసిన కథ. అతనిదీ జర్మనీయే, అతనిదీ మాటే, పత్రిక నడిపేవాడు. కానీ యూదులను నిర్మూలించాలని నేరుగా రాశాడు, నిర్మూలన జరుగుతోందని తెలిశాక కూడా రాశాడు. ఉరి తీశారు. ఇక్కడ కోర్టు చూసింది మాటల్లో ఉన్న సరుకు.

విలియం జాయిస్ మూడోవాడు, బెర్లిన్ నుంచి ఇంగ్లిషులో ప్రసారాలు చేసి లార్డ్ హా-హా అనే ఎగతాళి పేరు తెచ్చుకున్నవాడు. తమాషా ఏమిటంటే అతను బ్రిటిష్ పౌరుడే కాదు, న్యూయార్క్‌లో పుట్టాడు. అబద్ధం చెప్పి బ్రిటిష్ పాస్‌పోర్ట్ తీసుకున్నాడు. ఆ పాస్‌పోర్ట్ చెల్లినంత కాలం, అంటే 1940 జులై దాకా, బ్రిటిష్ రాజుకు విధేయత చూపాల్సిందేనని తేల్చి 1946 జనవరి 3న ఉరి తీశారు. ఏం మాట్లాడాడన్నది దాదాపు పక్కకు పోయి, కేసంతా పాస్‌పోర్ట్ గడువు తేదీ చుట్టూ తిరిగింది.

ఈ ముగ్గురి పక్కన పెడితే బ్లోక్‌జైల్ జాయిస్ వరసలోకి వస్తాడు. అదే మాటలు అదే గొంతుతో ఒక జర్మన్ మాట్లాడి ఉంటే ఫ్రిట్ష్‌లా బయటపడి ఉండేవాడేమో. శిక్ష పడింది ప్రధానంగా ఎవరి తరఫున అనేదానికి.

విధేయత అనే మాట దగ్గర మన దేశానికీ ఒక లింకు ఉంది. బ్లోక్‌జైల్ అప్పీలు నడుస్తున్న నెలల్లోనే, 1945 నవంబరులో, ఎర్రకోటలో ఐఎన్‌ఏ అధికారుల విచారణ మొదలైంది, అక్కడ కూడా అసలు తగువు విధేయత ఎవరికి అన్నదే. 1942లో బెర్లిన్ రేడియో నుంచి నేతాజీ మాట్లాడినప్పుడు బ్రిటిష్ చట్టానికి అది ద్రోహం, మనవాళ్ళకు కాదు. రెండూ ఒకటే అనడం తప్పు, ఒకచోట స్వతంత్ర దేశాన్ని శత్రువు ఆక్రమించాడు, ఇంకోచోట ఆ ప్రభుత్వమే పరాయిది. కానీ డచ్ ప్రభుత్వానికి ఈ తేడా అంత సులువుగా మింగుడుపడలేదు. అదే 1945లో ఇండోనేషియా స్వాతంత్ర్యం ప్రకటించిన సుకర్ణోతో మాట్లాడేది లేదని భీష్మించుకుంది, కారణం, అతను జపాన్‌కు సహకరించాడట!

తీర్పు 1945లో వచ్చింది, అది కూడా లెక్కలోకి వస్తుంది

నెదర్లాండ్స్ ప్రత్యేక కోర్టులు మొత్తం మీద 150 దాకా మరణశిక్షలు వేశాయి. అమలైనవి 40 దాకా మాత్రమే. మిగతావాళ్ళకు ఎక్కువగా యావజ్జీవంగా మారింది. 1948లో గద్దెనెక్కిన రాణి యులియానాకు మరణశిక్షల మీద సంతకం పెట్టడం అసలు ఇష్టం లేదు, పైగా అప్పటికి జనం కోపం కూడా చల్లారింది. చివరి శిక్షలు 1952 మార్చిలో అమలయ్యాయి.

విల్లీ లాగెస్ కేసు చూడండి. ఆమ్‌స్టర్‌డామ్‌లో జర్మన్ భద్రతా పోలీసు అధిపతి, నగరం నుంచి యూదుల తరలింపు అతని కార్యాలయం కింద నడిచింది, బందీలను కాల్చి చంపించిన చరిత్ర ఉంది. అతనికీ మరణశిక్షే పడింది. కానీ 1952లో అది యావజ్జీవంగా మారింది, 1966లో అనారోగ్యం పేరుతో విడుదల చేశారు, 1971లో జర్మనీలో చనిపోయాడు. ఇద్దరి పనులూ త్రాసులో పెడితే ఏది బరువో చెప్పక్కర్లేదు. తేడా క్యాలెండర్‌లో ఉంది.

బ్లోక్‌జైల్ విచారణ నాటికి ఆకలి చలికాలం గడిచి కొన్ని నెలలే అయింది, 1944-45 చలికాలంలో పడమటి నగరాల్లో తిండి లేక 20 వేల మంది దాకా చనిపోయారు. ఆ కోర్టు గదిలో కూర్చున్నవాళ్ళలో చాలామంది అతని గొంతును నాలుగేళ్ళు విన్నవాళ్ళు. శిబిరాల్లో ఏం జరిగిందో చాలామందికి తెలియదు, అధికారుల పేర్లు తెలియవు, ఈ గొంతు మాత్రం ప్రతి ఇంటికీ తెలుసు. విన్నవాళ్ళందరూ సాక్షులే అయినప్పుడు కేసు రుజువు చేయడం తేలిక, అతను కనిపించని నేరాలన్నిటికీ ముఖంగా మారిపోవడం అంతకంటే తేలిక. రెండు మూడేళ్ళు ఆలస్యమై ఉంటే బతికేవాడని తర్వాత చాలామంది అన్నారు. నాకూ అలాగే అనిపిస్తుంది. దాని అర్థం అతను నిర్దోషి అని కాదు, దోషం ఒకటి, శిక్ష పరిమాణం ఇంకోటి.

చరిత్ర ఎవరు రాశారో కూడా చూసుకోవాలి

ఆక్రమణ కాలపు డచ్ చరిత్రను అనేక సంపుటాలుగా రాసి, ఆ దేశం ఆ యుద్ధాన్ని ఎలా గుర్తుపెట్టుకోవాలో ఒక రకంగా నిర్ణయించిన చరిత్రకారుడు లూ ద యోంగ్. యుద్ధంలో అతను చేసిన పని లండన్ రేడియో ఒరాన్యెలో ప్రసంగాలు రాయడం, మాట్లాడటం. అంటే బ్లోక్‌జైల్‌కు ఎదురు మైకు. యూదు కుటుంబం, అతని తల్లిదండ్రులు నాజీల చేతుల్లో చనిపోయారు. అతని పరిశోధన గట్టిది, ఆధారాలు వెనకా ముందూ చూసి రాసినదే. కానీ మంచివాళ్ళు, చెడ్డవాళ్ళు అని రెండు గీతల మధ్య ఆ కాలాన్ని చూసే ధోరణి అందులో ఎక్కువని తర్వాతి తరం చరిత్రకారులు అభ్యంతరం చెప్పారు. మధ్యలో ఉండిపోయిన లక్షల మంది సంగతేమిటని 1980ల నుంచి అడగడం మొదలుపెట్టారు.

ఆ మధ్యలో పత్రికలవాళ్ళు కూడా ఉన్నారు. 1941 ఉత్తర్వు తర్వాత నమోదు చేయించుకుని, సంతకం పెట్టి, పైనుంచి వచ్చిన సూచనల ప్రకారం రాస్తూ ఉద్యోగం చేసుకున్న జర్నలిస్టులు. కొందరు తిరస్కరించి రోడ్డున పడ్డారు, చాలామంది పిల్లల్ని చూసుకుని సర్దుకున్నారు. యుద్ధం తర్వాత పత్రికల ప్రక్షాళన కోసం వేసిన కమిషన్ వీళ్ళ వ్యవహారాలు విడిగా చూసి, కొందర్ని కొంతకాలం వృత్తిలోకి రాకుండా నిషేధించింది, ఆక్రమణలో నడిచిన పత్రికల్ని కొన్నాళ్ళు ఆపించింది. గడువు తీరాక ఆ బైలైన్లు చాలావరకు మళ్ళీ కనిపించాయి.